తడి చెయ్యి

బిలాస్‌పూర్ పక్కన ఖూటాఘాట్ డ్యామ్ దగ్గర జ్యోతిర్మయి మొట్టమొదట పట్టింది చేపని కాదు, నన్ను. వెనక్కి ఊపిన గాలం వచ్చి నా కాలర్‌కి తగులుకుంది.

"సారీ సారీ! కదలొద్దు!"

"కదిలితే ఏటవుతాది? పులుసెట్టీస్తారా?"

ఆమె పడీ పడీ నవ్వింది. ఆ నవ్వుకే నేను పడ్డానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

వాళ్లది వరంగల్. నాన్నగారు బ్యాంకు మేనేజరు, ఊళ్లో మంగ్లా పేటలో ఇల్లు. నేను చిరంజీవిని. తాతల నాటి నుంచీ బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లే మాకు ఊరు. గూడ్సు బండికి అసిస్టెంట్ లోకో పైలట్‌ని.

నా గాలానికి గోధుమపిండి ముద్ద. ఆమె గాలానికి కోడి ఈక, రంగు దారం చుట్టి చేసిన ఉత్తుత్తి ఈగ. ఫ్లై ఫిషింగట. నిజం ఈగనుకుని చేప ఎగిరి అందుకుంటుందట. అరగంటలో ఓ కొరమీను పట్టింది, ముచ్చటగా చూసింది, నీళ్లలో వదిలేసింది.

నా ప్రాణం ఉసూరుమంది. "కొరమీనండీ బాబూ! మా అమ్మ చూస్తే ఏడుస్తాది."

"అమ్మకు చెప్పకండి. ఇటు రండి, నేర్పిస్తా. ముందు చెయ్యి తడుపుకోవాలె. పొడి చేత్తో పడితే దాని ఒంటిమీది జిగురు పోతది. అప్పుడు వదిలినా బతకదు."

ఆ వానాకాలమంతా నాకు రెస్టు దొరికిన రోజల్లా ఇద్దరం అక్కడే తడిశాం. మీరు కాస్తా నువ్వు అయింది. గాలం వెయ్యాలనుకున్న చోట్లతో ఆమె దగ్గర ఓ లిస్టుండేది. తీర్థన్ నది, కశ్మీరు వాగులు, నీలగిరి సరస్సులు.

"వీటన్నిటికీ నీ రైల్వే పాస్ మీద నేనూ రావొచ్చా?"

"పాస్ పెళ్లానికైతేనే ఇస్తారు."

నోరు జారాను. ఆమె వాన వైపు చూస్తూ "అచ్ఛా" అంది. మిగతా మాట నేను మింగేశాను. ఆ ఒక్క మాటా ఆ రోజే అనుంటే ఈ కథ వేరేగా ఉండేది.

అక్టోబరులో ఒక శనివారం పెండ్రా రోడ్డు స్టేషన్ దగ్గర నా బండి సిగ్నల్ లేక ఏడు గంటలు నిలబడిపోయింది. డ్యూటీ దిగి ఫోన్ ఆన్ చేస్తే తొమ్మిది మిస్డ్ కాల్ అలర్ట్‌లు, ఆమెవి రెండు మెసేజ్‌లు.

"పెళ్లివాళ్లు వచ్చి కూర్చున్నరు. నేనంటే ఇష్టముంటే ఆరింటిలోపు ఒక్క ఫోన్ చెయ్. వద్దని చెప్పేస్త."

రెండోది ఏడింటిది. "సరే. అర్థమైంది."

ఇంజనెక్కితే ఫోన్ ఆపెయ్యాలి. రైల్వే ఇళ్లలో ఇది పసిపిల్లలకీ తెలుసు, ఎవరూ ఎవరికీ చెప్పరు. బ్యాంకు ఇంటి పిల్లకి చెప్పాలని నాకు తట్టనేలేదు.

ఆదివారం డ్యామ్ దగ్గరికి రమ్మంటే వచ్చింది. సన్నగా తుంపర పడుతోంది.

"ఫోన్ ఆఫ్‌లో ఉంది జ్యోతీ. బండి మీదున్నాను. రూలది."

ఆమె కళ్లు నిండిపోయాయి. "నీకిష్టం లేకనే ఫోన్ ఆపేసినవనుకున్న చిరూ. తలూపిన. తాంబూలాలు అయిపోయినయ్."

"ఇప్పుడు చెప్తన్నాను. నువ్వంటే నాకు ప్రాణం. మీ నాన్నగారి కాళ్లట్టుకుంటాను."

"నాన్న సంగతి కాదు. పెళ్లికొడుకు రోహన్‌కు ముందే చెప్పిన, ఒకబ్బాయి ఉండె, నన్ను కాదన్నడని. 'మర్చిపోయేదాకా ఆగుతా' అన్నడు. అసొంటి మనిషికి ఇప్పుడేమని చెప్పాలె?"

వదలనని నోటిదాకా వచ్చింది. గట్టిగా పట్టుబడితే ఉండిపోయేదేమో కూడా. ఉండి, ఆ మనిషిని తలుచుకుని రోజూ కుమిలిపోయేది. జ్యోతిర్మయి సంగతి నాకు తెలుసు.

"పోయొస్త," అంటూ చెయ్యి చాపింది.

నేను వెంటనే అందుకోలేదు. గట్టు మీద వంగి, నా చెయ్యి నీళ్లలో ముంచి, అప్పుడు పట్టుకున్నాను.

ఆ తడి చేతిని చూసి జ్యోతిర్మయి వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

కాసేపాగి, వదిలేశాను.