పెళ్లిచూపుల్లో గురక

పెళ్లిచూపుల్లో నిద్రపోయిన పెళ్లికొడుకు రాయ్‌పూర్ మొత్తం మీద సత్తిరాజు ఒక్కడే.

దేవేంద్ర నగర్‌లో త్రివేణి వాళ్లిల్లు. అమ్మాయి టీ తెచ్చింది. ఆ కళ్లు చూడగానే సత్తిరాజు మనసు జారిపోయింది. ఆమె తండ్రి అచ్చయ్య కాకినాడ కబుర్లు మొదలుపెట్టారు. అంతే. ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే ఆ భారీ మనిషి సోఫాలోనే గురక పెట్టాడు.

పక్కనే ఉన్న అతని తల్లి గంగాభవాని భుజం పట్టి కుదిపి లేపేసరికి అందరి ముఖాలూ మాడిపోయి ఉన్నాయి. త్రివేణి మాత్రం అతని ఛాతీ వైపే చూస్తోంది.

సంబంధం పోయిందన్న దిగులుతో దారిలో కడుపునిండా సమోసాలు తిన్నాడు.

మర్నాడు ఫోన్.

"నేనండీ, త్రివేణిని. తెలీబంధా ఏరియాలో ఉన్న మా హాస్పిటల్‌కి రండి. నేనక్కడ నర్సుని. మీకు గురక మధ్యలో ఊపిరి ఆగుతోంది."

"లావుగా ఉన్నానని మజాకా?"

"మజాకా కాదు జీ. నిద్ర చాలకపోతే ఆకలి పెరుగుతుంది. ఒళ్లు పెరిగితే గొంతులో గాలి దారి ఇరుకవుతుంది. మళ్లీ నిద్ర పాడు. రండి, అంతే."

వెళ్లాడు. పరీక్ష చేసి, పడుకునేటప్పుడు ముక్కుకి మాస్కు, దానికో చిన్న మిషను పెట్టుకోమన్నారు డాక్టరుగారు. కొన్నాళ్లకి సత్తిరాజు ఆవలించకుండా పొద్దున టీ తాగాడు. సమోసా బండి దాటుకుని నడిచాడు కూడా!

మాస్కు చూపించే వంకతో వానలో తడుస్తూ మళ్లీ వెళ్లాడు.

"నన్ను పేషెంటుగా పిలిచారా, పెళ్లికొడుకుగానా?"

"పేషెంటైతే లైన్లో నిలబెట్టేదాన్ని" అంది త్రివేణి, నవ్వు దాచుకుంటూ. "మిషను సంగతి మా నాన్నకి మాత్రం మీరే చెప్పాలి."

గంగాభవాని ఒప్పుకోలేదు.

"పాగల్‌వా నువ్వు, పిచ్చెక్కిందా? ఏనుగు తొండంలాంటిది తగిలించుకుని పడుకుంటానని పిల్ల తండ్రికి ఎవడైనా చెప్తాడా? ముందు మూడు ముళ్లూ పడనీరా!"

"దాచి చేసుకుంటే నాకు నిద్రెలా పడుతుందే అమ్మా?"

మళ్లీ అదే సోఫా. సత్తిరాజు సంచిలోంచి మిషను తీసి టీపాయ్ మీద పెట్టాడు.

"బరువు ఎప్పటికి తగ్గుతానో తెలీదండీ. ఇది మాత్రం రోజూ పెట్టుకోవాలి. మీ అమ్మాయంటే నాకిష్టం. అందుకే ముందే చెప్తున్నా."

అచ్చయ్య మాస్కుని అటూ ఇటూ తిప్పి చూశారు. గంగాభవాని కళ్లు మూసుకుంది.

"ఏమే సరోజినీ!" భార్యని కేకేశారు. "ఇలాంటిది నాకూ ఉంటే ఇన్నేళ్లూ నువ్వు హాయిగా పడుకునేదానివి కదే?"

"ఇప్పుడైనా తెచ్చుకోండి" అంది వంటింట్లోంచి సరోజిని.

ఆయన పగలబడి నవ్వి, కూతురి వైపు తిరిగారు. "నువ్వేమంటావమ్మా?"

త్రివేణి మాస్కు అందుకుని పట్టీ లాగి చూసింది.

"వదులుగా కట్టుకుంటున్నారు" అంది సత్తిరాజుతో. "పెళ్లయ్యాక నేను కడతాలెండి."