రామ్‌దాస్ అందించిన మాట

బోధన్ రోడ్డు మీద, మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ వెనక, శారదా నాట్యమండలి హాలుంది. పొద్దుగూకినంక ఆ దిక్కు ఎవరూ నడవరు. లోపల ఎవరో గుసగుసగా మాటలందిస్తరట... నాటకంలో మాటలు.

ఒకప్పుడు ఫ్యాక్టరీ కార్మికులే కూడి పెట్టుకున్న మండలి అది. ఏటా చెరుకు ఆడించుడు అయిపోంగనే నాటకం వేసేటోళ్లు. మా పెద్దబాపు రాజేశ్వర్‌ది రాజు వేషం. గొంతు గొప్పదే గాని, మాటలు గుర్తుండేవి కావు. తెర చాటున నిలబడి ఆయన దోస్తు రామ్‌దాస్ మాట అందిస్తే — ఈయన గర్జించేటోడు.

ఫ్యాక్టరీ మూతపడ్డది. మండలి చెదిరిపోయింది. ఆ ఏడే, ఖాళీ హాల్లో తెర పక్కన రామ్‌దాస్ పాణం పోయింది.

పోయిన కార్తీకంలో పెద్దబాపుకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇక రాదన్నరు నిజామాబాద్ డాక్టర్లు. మా పెద్దమ్మ వసంతమ్మ మొక్కని దేవుడు లేడు.

"వసంతా అని ఒక్కసారి పిలిస్తే చాలు బిడ్డా..." అని నా చేతులు పట్టుకొని ఏడ్చేది.

ఆఖరికి ఒక అమాస నాడు, పొద్దుగూకంగనే, ఆయనను ఆటో ఎక్కించింది. తర్వాత జరిగింది పెద్దమ్మే నాకు చెప్పింది.

"గా హాలుకా? నిన్ను చూసి దెయ్యమే ఉరుకుతది అవ్వా," అని నవ్విండట ఆటో ప్రేమ్. హాలు ముందట మాత్రం బండి దిగలే.

పెద్దమ్మ ఆయనను భుజాన మోసినట్టే తీసుకపోయి, స్టేజీ మీద నిలబెట్టింది. చీకట్లోకి చేతులు జోడించింది.

"రామ్‌దాసూ... మీ రాజు మాట మరిచిండు. జర అందియ్యి..."

గబ్బిలాల రెక్కల చప్పుడు — అంతే.

"ఇంక నాకు పోయే జాగ లేదు రామ్‌దాసూ..."

అప్పుడు... ఎడమ పక్క, తెర చినిగి వేలాడే చోట... ఊపిరంత సన్నగా —

"ఎవరక్కడ..."

పెద్దబాపు మెడ అటు వంగింది. పెదవులు వణికినయి.

"ఎవరక్కడ! నా కోటలో ఈ చీకటేమిటి!"

హాలంతా మోగింది. బయట ప్రేమ్ ఆటో ఇడిచి ఉరికిండు.

తెల్లారి నేను పోయేసరికి పెద్దబాపు మంచం మీద కూసోని మాట్లాడుతుండు! చాయ్ తాగుతవా అంటే తాగుతనన్నడు. నొప్పా అంటే లేదన్నడు. పెద్దమ్మ దేవుని అర్రలో దీపాలు ముట్టించింది.

నేనే గమనించిన... ప్రతి మాటకు ముందు ఆయన ఎడమ చెవి గోడ దిక్కు వంచి, ఆగుతుండు. అక్కడ ఎవరూ లేరు.

పెద్దమ్మ వచ్చి ఆయన మొఖం రెండు చేతుల్ల పట్టుకుంది.

"నేనెవర్ని? పిలువు... ఒక్కసారి పిలువు..."

ఆయన చెవి వంచిండు. విన్నడు.

"వదినె," అన్నడు.

రామ్‌దాస్ బతికున్నన్ని రోజులు మా పెద్దమ్మను పిలిచిన పిలుపది.

ఆమె చేతులు జారినయి. మెల్లగా గోడ దిక్కు తిరిగి, కొంగు పట్టుకొని బతిమాలింది.

"గట్ల గాదు రామ్‌దాసూ... వసంతా అని చెప్పు... వసంతా..."