కప్పతల్లికి పోసిన బిందె

అంజలి టీచర్ ఆ బిందెడు నీళ్లూ కప్ప మీదే పోసి ఉంటే ఈ కథే లేదు.

మడకశిర దగ్గరి ఆ ఊరి హైస్కూలుకి ఇంగ్లీషు టీచరుగా వచ్చిన కొత్తల్లోనే, వానల కోసం కప్పతల్లిని ఊరేగించారు. రోకలికి వేపమండలు చుట్టి, నడుమ కప్పను కట్టి ఇద్దరు మోసుకొస్తారు. ఇంటింటా ఆడవాళ్లు దాని మీద చెంబెడు నీళ్లు పోస్తారు. రాప్తాడులో హైవే పక్కన పెరిగిన అంజలికి ఆ సంగతి తెలియదు. అద్దె ఇంటి బోరు చెడిపోయి, ట్యాంకరూ రాక ఇంట్లో మిగిలిందే ఒక్క బిందె. పోయాలన్నారు కదా అని అదే ఎత్తింది. తీరా కప్పను చూస్తే జాలేసింది. దాన్ని తప్పించబోయి, రోకలి మోస్తున్న మనిషి నెత్తిన కుమ్మరించింది.

తడిసిన తలెత్తింది ఎవరనుకున్నారు? సైన్సు మాస్టారు జయచంద్ర. కప్పకూ వానకూ సంబంధం లేదని ముందు రోజే పదో తరగతికి గట్టిగా చెప్పిన పెద్దమనిషి!

"మాయమ్మ మోయమనింది," అన్నాడు మొహం తుడుచుకుంటూ. వాళ్లమ్మ తిమ్మక్క వెనకే ఉంది మరి.

మర్నాడు అంజలి ఊరుకుంటుందా? ఆ రోజు పాఠం అలిగిన మేఘాన్ని ఒక పిల్ల బతిమాలి తెచ్చుకునే దూరదేశపు పురాణకథ. దాని పక్కన కప్పతల్లిని పెట్టి, రెండింటికీ అర్థం చెప్పమంది. ఆమె క్లాసులో రూలు ఒకటే. పురాణమైనా నవలైనా ఎవరికి తోచిన అర్థం వాళ్లు చెప్పొచ్చు, కానీ కథలోంచి ఆధారం చూపాలి. ఇన్ని అర్థాలుంటే దేనికి మార్కులేస్తారని స్టాఫ్ రూములో వాదం పెట్టుకున్న జయచంద్ర కూడా గుమ్మంలో నిలబడి విన్నాడు.

ఫరీన్ లేచింది. "ఇండ్లల్లో నీళ్లు లేకపోయినా అందరూ పోస్తారు టీచర్. వాన పడేది తర్వాత మాట. ఉండేది పంచుకునేదే కథ."

ఆధారమేదని అడిగింది అంజలి.

"మీరు బిందె మొత్తం పోసేసినారు కదా. మళ్ల మీరు మాయింట్లో అడుక్కోని తాగినారు."

క్లాసంతా నవ్వింది. జయచంద్ర నవ్వలేదు. ఆ సాయంత్రం తన ఇంటి బోరు దగ్గర బిందె నింపి, బండి మీద తెచ్చి ఆమె గడపలో దించాడు. ఆ తర్వాత రోజూ తెచ్చాడు. నీళ్లతో పాటు వాదమూ తెచ్చేవాడు. ఆమె ఇచ్చిన నవల చదివి, హీరో ఉత్త తిక్కలోడని ఒకరోజు, పాపం మంచోడేనని మరొకరోజు.

అలా నెలలు గడిచాక బదిలీలు మొదలయ్యాయి. రాప్తాడు పక్కకి వచ్చేయమని అంజలి వాళ్లమ్మ ఫోన్లో ఒకటే పోరు. దరఖాస్తుకి ఆఖరి సాయంత్రం జయచంద్ర బిందె దించి, కదలకుండా నిలబడ్డాడు.

"మేడమ్, ఒక అర్థం చెప్తా. తప్పయితే కొట్టేయండి. మీకు ఈ ఊరు ఇడిసి పోవాలని లేదు. నేనంటే ఇష్టం ఉండాది."

 ఎంతైనా అంజలి టీచరు కదా. "ఆధారం?"

"ఊరంతా చెంబెడు పోస్తే, మీరు ఉండే నీళ్లన్నీ నా మీద పోసినారు."

"అది కప్ప మీద జాలి. చెల్లదు."

అతని మొహం వాడిపోయింది. నిన్నటి ఖాళీ బిందె తీసుకుని బండి వైపు నడిచాడు. ఇంత తొందరగా ఓడిపోయేవాడితో ఎట్లా వేగాలిరా దేవుడా అనుకుంది అంజలి.

"సార్, కథ సగంలోనే పోతారేం? మా ఇంటి ఓనరమ్మ బోరు బాగు చేయించి చానా నెలలయింది. ఈడ నీళ్లకు కొదవ లేదు. అయినా మీ బిందె వద్దని ఒక్కనాడన్నా అన్నానా?"

జయచంద్ర బిందె కింద పెట్టి వెనక్కి వచ్చాడు. అంజలికి కళ్లు చెమర్చాయి.

"కొత్తూర్లో ఒక్కదాన్నే ఉండానని నాకెప్పుడూ అనిపించలేదు సార్. అది మీ చలవే. ఇన్నాళ్లూ చెప్పలేకపోయినాను. బదిలీకి పెట్టలేదు, పెట్టను."

"అయితే రేపు బిందె తేవాల్నా, వద్దా?"

"తేవాల. మీ అమ్మనూ తోలుకోని రావాల."

తిమ్మక్క మర్నాడే పూలూ పండ్లతో వచ్చి, కాబోయే కోడలి చెయ్యి పట్టుకుని కప్పతల్లికి దండం పెట్టుకుంది. వాన ఎప్పుడు పడిందంటారా? అది తర్వాత మాట.