మూడో గుంటలో కూర్చున్న మనిషి

ఆ మూడో గుంట మంచిది కాదని ఆ పాతగోడల తవ్వకంలో అందరికీ తెలుసు. పొద్దుగూకితే కూలీలు అటు పోరు. వాచ్‌మన్ అయితే టార్చి కూడా అటు తిప్పడు. "మూలన ఎవరో కూర్చునుంటారమ్మా... పిలిస్తే పలకరు," అన్నాడు నాతో, మా తమ్ముడికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్లినప్పుడు. వెయ్యేళ్ల కిందట అది ధాన్యం గది. ఒకనాడు తగలబడిందట. లోపల ఎవరైనా ఉండిపోయారేమో... ఎవరికి తెలుసు.

నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కుట్టుమిషను దగ్గర బతికేదాన్ని. దారం తెగితే సూదిని తిడతాను గానీ దెయ్యాన్ని తిట్టను. కానీ ఇది మా తమ్ముడికి జరిగింది. వాడు చెప్పింది చెప్పినట్టు చెప్తాను. చివరిది మాత్రం నా కళ్లారా చూశాను.

మావాడి పని పాత గోడల్ని కంప్యూటర్లోకి ఎక్కించడం. గుంట మీద తీగ కట్టి, దానికి లేజరు పెట్టె వేలాడదీస్తాడు. అది రాత్రంతా అటూ ఇటూ నడుస్తూ గోడల్ని కొలుస్తుంది. పగలైతే ఎండ, జనం — కుదరదట. తెల్లారేసరికి ప్రతి రాయీ చుక్కల బొమ్మై తెర మీద నిలబడుతుంది.

ఏడు నెలల కిందట మరదలు పోయింది. మూడు రోజుల జ్వరం, అంతే. వాడు ఏడవలేదు. పూడ్చి వచ్చి, చేతులు కడుక్కుని, ఏదైనా పెట్టమన్నాడు. వీడి గుండె రాయి అన్నారు చుట్టాలు. వాళ్ల మొహం, వాళ్లకేం తెలుసు. పొద్దున్నే వాణ్ణి మంచం దింపేది ఆ పని ఒక్కటే. అందులోనూ రెండుసార్లు పొరపాటు చేశాడు. "ఇదే ఆఖరు," అన్నాడట తవ్వకం పెద్దాయన. తెల్లారితే మూడో గుంట కప్పేస్తారు, పైన రోడ్డు పడుతుంది. పది గంటలకల్లా బొమ్మ పంపకపోతే ఉద్యోగం లేదు.

ఆ రాత్రి పెట్టె నడిపించి, పైకెక్కి, టెంట్లో కూర్చున్నానన్నాడు. గాలి లేదు. అలికిడి లేదు. ఒక్కసారి మాత్రం వాచ్‌మన్ గొంతు వినపడింది — "ఎవరది... ఎవరక్కడ..." వీడు పలకలేదు. నన్ను కాదనుకున్నా అన్నాడు.

ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద కంప్యూటరు తెరిచాడు. నేను పక్కనే చొక్కాకి కాజాలు కుడుతున్నా.

"అక్కా," అన్నాడు మెల్లగా. "ఇలా రా."

తెర మీద గోడలు... గోడల మూల... మూలలో ఒక మనిషి. అన్నీ బూడిదరంగు చుక్కలే. మొహం లేదు.

నాకూ దెయ్యమే అనిపించింది. అబద్ధం ఎందుకు.

"కూలీ ఎవడో దిగుంటాడురా."

"కాదక్కా. పెట్టె ఇరవైసార్లు తిరిగింది. కదిలినవాటిని కంప్యూటరే తీసేస్తుంది. రాత్రంతా కదలకుండా ఉన్నదే మిగులుతుంది." గొంతులో భయం లేదు. ఏమీ లేదు. "మనిషైతే అంతసేపు అలా ఉండడు కదా."

నేను ముందుకు వంగి చూశాను. ఎడమ పాదం కుడి పాదం మీద. గడ్డం మోకాలి మీద. తల కాస్త పక్కకి... చిన్నప్పుడు అమ్మ తిడితే మంచం కింద దూరి అచ్చం అలాగే కూర్చునేవాడు. కాళ్లు పట్టి బయటికి లాగేది నేనే.

"ఒరే... రాత్రి టెంట్లో ఎక్కడ కూర్చున్నావు? కుర్చీలోనా, నేల మీదా?"

వీపు తడుముకున్నాడు.

"చల్లగా ఉంది... వీపుకి రాయి గుచ్చుకుంది."

టెంట్లో రాయెక్కడిది.

వాడికీ అర్థమైంది. పెట్టె నడిపించాక గుంట ఎక్కలేదు — ఎక్కాననుకున్నాడు. "వారం నుంచీ ఇంతేనేమో... వాచ్‌మన్ చూసింది నన్నేనేమో," అన్నాడు, ఎవరి సంగతో చెప్తున్నట్టు.

మూలలోని మనిషి చుట్టూ గీత గీసి, మీట నొక్కాడు. మనిషి పోయాడు. కానీ వెనకాల గోడ లేదు. వీడు అడ్డం కూర్చున్నాడుగా, లేజరు దాన్ని చూడనేలేదు. అక్కడ నల్లటి ఖాళీ, మోకాళ్లు ముడుచుకుని. అప్పటికి తొమ్మిదిన్నర. గుంటలో మట్టి పోసేసి ఉంటారు.

"ఖాళీ పూడ్చడానికి ఒక మీట ఉంది," అన్నాడు. "పూడ్చడమనే అంటాం. పక్క రాళ్లని చూసి అదే ఓ దొంగ గోడ పెట్టేస్తుంది. ఎవరికీ తెలీదు."

"నొక్కు మరి," అన్నాను. వాడి ఉద్యోగం నిలిస్తే చాలు నాకు. గోడ దొంగదైతేనేం.

మీట మీద వేలు పెట్టాడు. పెట్టి... అలాగే ఉండిపోయాడు. పదయింది. ఫోను మోగి, ఆగిపోయింది.

"ఒకసారి పూడ్చా కదక్కా," అన్నాడు. "మళ్లీ నావల్ల కాదు."

భుజం మీద చెయ్యి వేశాను. నా చేతి కింద ఆ భుజం అదరడం మొదలుపెట్టింది. ముందు చిన్నగా... తరవాత మనిషంతా. ఫోను మళ్లీ మోగింది. నేనే తీసి, మా తమ్ముడు ఇంక పనిలోకి రాడని చెప్పాను.