మాయమైన గొంతు

డబ్బాలు రెండూ ఉన్నాయి. ఒకటి ఖాళీ.

మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి ఆ సంగతి బయటపడింది. మూడింటికి షో. టోక్యోలోని కినుతాలో, పాత స్టూడియో వెనకున్న బుల్లి ప్రివ్యూ థియేటర్లో.

1969లో ప్రతి ఆదివారం పిల్లల్ని టీవీ ముందు కట్టిపడేసిన సీరియల్ 'నీహారిక గూఢచారి దళం'. గోడౌన్ తగలబడి అన్ని ఎపిసోడ్లూ బూడిదైపోయాయి. ఇరవై నాలుగేళ్ళ తర్వాత, ఎక్కడో అటక మీద ఆఖరిది ఒక్కటి దొరికింది. రెండు రీళ్ళు. ఒకదాని మీద బొమ్మ, ఒకదాని మీద శబ్దం.

పోయింది సౌండ్ రీలు.

పోలీస్ సార్జెంట్ కురమోచి వచ్చేసరికి ముందు వరసలో ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్ళో స్వీట్ల పెట్టె. పేరు చిగుసా. హీరో వేషం వేసిన షిరాతోరి కూతురు. తండ్రి పోయిన నాలుగు నెలలకి పుట్టింది.

"సెందాయ్ నుంచి పొద్దుటి రైలుకి వచ్చాను సార్. మా నాన్న మాట ఎలా ఉంటుందో నేనెప్పుడూ వినలేదు. ఇంట్లో ఉన్నవన్నీ ఫొటోలే. ఇవాళ వింటాననుకున్నాను."

ఏడవలేదు. పెట్టెకి కట్టిన దారాన్ని వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది. కురమోచికి గుండె కలుక్కుమంది. ఏం దొంగతనంరా ఇది, దేవుడా!

తాళం పగల్లేదు. పొద్దుటి నుంచి ప్రొజెక్షన్ గదిలోకి వెళ్ళింది ముగ్గురే.

మొదటివాడు ఇగరాషి. పాత సినిమా సరుకుల దుకాణం.

"రీళ్ళు అమ్మమని నెలరోజులుగా డైరెక్టర్ గారి వెంటపడుతున్నావట?"

"పడ్డాను సార్. కాదనను. కానీ బొమ్మ లేని రీలు నేనేం చేసుకోను? చెవిలో పెట్టుకోనా?"

మాట దురుసుగా ఉన్నా నిజమే. డబ్బుకి ఆశపడేవాడు బొమ్మనే ఎత్తుకుపోతాడు. అది డబ్బాలో భద్రంగా ఉంది.

రెండోవాడు డైరెక్టర్ హొజుమి. అరవై ఎనిమిదేళ్ళు. చిగుసాకి ఫోన్ చేసి రమ్మన్నది ఆయనే.

"షిరాతోరి ఎప్పుడు పోయాడు?"

"ఆఖరి షాట్ తీసిన మర్నాడు. ముందు రోజు అందరం కలిసి తాగాం, పాడుకున్నాం. పొద్దున్నే మోటార్‌సైకిలెక్కాడు. లారీ కొట్టేసింది. నేను వారం రోజులు మనిషిని కాలేదు, సార్జెంట్."

మూడోవాడు నెగిషి. సౌండ్ ఇంజనీర్. పాదాల దగ్గర కాన్వాస్ సంచి.

"బొమ్మా శబ్దం వేరువేరుగా ఎందుకున్నాయి?"

"అప్పట్లో షూటింగ్‌లో మైకే ఉండేది కాదు సార్. కెమెరా చేసే గోలకి ఏం వినపడుతుంది? సెట్టులో ఊరికే పెదాలు కదిపేవాళ్ళు. ఎడిటింగ్ అయ్యాక, వారానికో పది రోజులకో వచ్చి, తెర చూస్తూ మాటలు చెప్పేవాళ్ళు."

"అందరూనా?"

నెగిషి నేల చూపులు చూశాడు. "అందరూనే."

రెండూ ముప్ఫై అయిదుకి కురమోచి ముగ్గుర్నీ తెర ముందు నిలబెట్టాడు. చిగుసా కూడా లేచి నిలబడింది.

"ఈ దొంగకి డబ్బు అక్కర్లేదు. ఆ గొంతు ఎవరికీ వినపడకూడదు, అంతే. హొజుమి గారూ, షిరాతోరి షూటింగ్ అయిన మర్నాడే చనిపోయాడన్నారు. మాటలు రికార్డు చేసింది వారం తర్వాతని నెగిషి గారన్నారు. మరి చనిపోయిన మనిషి వచ్చి ఎలా మాట్లాడాడు?"

హొజుమి కుర్చీలో కూలబడ్డాడు.

"నాకు తట్టకపోలేదయ్యా. టీవీలో ఆ గొంతు విన్నాను. అచ్చం వాడే. ఎలా అని అడిగితే రెండోసారి చచ్చిపోతాడనిపించింది. అడగలేదు. అడక్క అడక్క, వాడేనని నమ్మేశాను."

"నెగిషి గారూ, ఆ సంచి విప్పుతారా?"

నెగిషి విప్పాడు. గోధుమరంగు రీలు, తువ్వాలులో చుట్టి ఉంది.

"ఆదివారం ప్రసారం, హీరో లేడు. బయటివాణ్ణి పెడితే పిల్లలు ఇట్టే పసిగట్టేస్తారు. వారాల తరబడి అతని గొంతు నా చెవుల్లోనే ఉంది. తలుపులేసుకుని నేనే మాట్లాడేశాను సార్."

"ఈ అమ్మాయికి చెప్పొచ్చుగా?"

"చెబుదామనే వచ్చాను. 'బాబాయ్, మా నాన్నది గంభీరమైన గొంతా, మెత్తనిదా? వద్దులెండి, చెప్పకండి, నేనే వింటాను' అంది. ఇంక నా నోరు పెగల్లేదు. నా గొంతు విని, నాన్నా అని ఏడిస్తే నేనేమైపోవాలి? కాల్చేద్దామనుకున్నాను. చేతులు రాలేదు."

"కేసు వద్దు సార్జెంట్," అన్నాడు హొజుమి. కురమోచి తలూపాడు.

చిగుసా నెగిషి దగ్గరకొచ్చింది.

"అయితే మా నాన్న గొంతు ఎక్కడా లేదా?"

నెగిషి రీలుని మళ్ళీ తువ్వాలులో చుట్టాడు.

"మీకంటే బాగా ఎవరికి తెలుసు బాబాయ్? ఎలా ఉండేదో చెప్పండి చాలు."

నెగిషి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు వెతుక్కున్నాడు. బుగ్గల మీంచి కన్నీళ్ళు కారిపోతున్నాయి.

"దొరకట్లేదు తల్లీ. ఆ రికార్డింగ్ చేసిన రోజు నుంచి షిరాతోరిని ఎప్పుడు తలుచుకున్నా నా గొంతే వినిపిస్తోంది. అతనిది నేనే చెరిపేశాను. నన్ను క్షమించు."

చిగుసా హొజుమి వైపు చూసింది. ఆయన అడ్డంగా తలూపాడు. ఆయనకీ అంతే.

ఆమె స్వీట్ల పెట్టె తెచ్చి నెగిషి చేతిలో పెట్టింది.

"మీకోసమే తెచ్చాను, అందరూ తినండి," అంది. తర్వాత ప్రొజెక్షన్ గది వైపు చూపించింది. "బొమ్మ రీలు ఒక్కటే వెయ్యండి. మాట వద్దు."

సరిగ్గా మూడింటికి దీపాలార్పారు. తెర మీద ఇరవై ఆరేళ్ళ కుర్రాడు, తలమీద వెండిరంగు హెల్మెట్. ఇటు తిరిగి నవ్వాడు. ఏదో చెబుతున్నాడు. హాల్లో మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు.

చిగుసా సీటులో కొంచెం ముందుకి జరిగి, తల పక్కకి వంచి, చెవిని తెర వైపు పెట్టింది.