కార్డు నిద్రపోయినప్పుడు

ఈ కథలోని మేనమామకి లోకంలో ఎవరూ ఆనరు. కంప్యూటర్లు రిపేరు చేసి బతుకుతాడు గానీ, కంప్యూటర్లు వాడేవాళ్లంటే ఒళ్లుమంట. "సౌండ్ రావట్లేదు సార్" అని ఎవరైనా ఫోన్ చేస్తే, "నీ బుర్రలోకి ఏదైనా వస్తోందా?" అని లోపల గొణుక్కుని, పైకి మాత్రం "వస్తున్నా" అంటాడు. అలాంటివాడు ఓ ఆదివారం మధ్యాహ్నం తిని నడుం వాల్చబోతుంటే, సొంత అక్కే ఫోన్ చేసి అదే మాట అంది.

అక్కది వినికిడి పరీక్షలు చేసే క్లినిక్. సెలవు కాబట్టి షట్టరు సగం దించి ఉంది. లోపలి గదిలో, కోల్డ్ స్టోరేజీ తలుపంత మందం తలుపుతో ఒక బూత్. గోడల నిండా బూడిద రంగు స్పాంజి, ఒక కుర్చీ, చిన్న అద్దాల కిటికీ. తలుపు మూస్తే బయటి చప్పుడు ఇసుమంత కూడా లోపలికి పోదు. కూర్చున్న మనిషి చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి, బయటి కంప్యూటర్ నుంచి ఆగి ఆగి కూతలు పంపుతారు. వినిపిస్తే చేతిలోని బటన్ నొక్కాలి.

ఆ రోజు కుర్చీలో ఉన్నది అక్క కూతురే. పుట్టుచెవుడు. ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలుస్తారు, ఆ పిలుపు దానికి ఏనాడూ వినబడలేదు. చెవి లోపల యంత్రం అమర్చే ఆపరేషన్‌కి తేదీ కుదిరింది. తీరా అప్పుడు, మొన్న ఇదే పరీక్షలో పిల్ల ఉన్నట్టుండి బటన్ నొక్కడం మొదలెట్టింది. వినబడుతున్న చెవిని కోయడం దేనికన్నాడు సర్జన్. మర్నాటికల్లా సరైన గ్రాఫ్ చేతికి రాకపోతే ఆ తేదీ ఇంకొకరికి పోతుంది. పిల్ల ఇంకా పెద్దదైతే యంత్రం పెట్టినా మాట రాదు.

"మధ్యమధ్యలో సౌండ్ పోతోందిరా. ఒకసారి బాగానే వస్తుంది, ఒకసారి రాదు. దాని చెవిని నమ్మాలో మిషన్‌ని నమ్మాలో తెలియట్లేదు," అంది అక్క.

"ఈ సిస్టమ్ ఎక్కించింది ఎవరు?"

"మీ బావే. ఊరికే వస్తుందని."

తమ్ముడు మూతి విరిచాడు. ఎవరెవరో రాసి, లోకమంతా ఊరికే పంచుకునే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ అంటే అతనికి ప్రాణం. దాన్ని బావలాంటివాళ్లు ముట్టుకోవడమే అతనికి గిట్టదు.

కేబుల్ పీకి మళ్లీ పెట్టాడు. సాకెట్ మార్చాడు. నెట్‌లో వెతికితే, ఒక మహానుభావుడు అంతా తుడిచేసి మళ్లీ ఎక్కించుకోమన్నాడు. ఇంకొకడు "నాక్కూడా ఇదే సమస్య" అని రాసి చేతులు దులుపుకున్నాడు. "వీళ్లకి కీబోర్డు ఇచ్చినవాణ్ణి అనాలి," అని తిట్టుకుంటూ డ్రైవర్ మీదికి వచ్చాడు. కంప్యూటర్ మాటని, చప్పుడు పుట్టించే సౌండ్ కార్డుకి చేరవేసే ప్రోగ్రామ్ అది. కాసేపు చప్పుడు లేకపోతే, కరెంటు మిగుల్తుందని అది కార్డుని నిద్రపుచ్చుతోంది. తర్వాతి కూతకి కార్డు కళ్లు తెరిచేలోపే ఆ కూత కాస్తా అయిపోతోంది. తెర మీద మాత్రం పంపినట్టే పచ్చ చుక్క వెలుగుతోంది. ఆగకుండా పాటలు వినేవాడు దీన్ని కనిపెట్టలేడు.

"ఏం పొదుపు! మీ ఆయనకి తగ్గ డ్రైవరే," అన్నాడు అక్కతో.

రుజువు చేద్దామని తనూ ఒక హెడ్‌ఫోన్ తగిలించుకున్నాడు. కూత వినబడింది. అద్దం అవతల పిల్ల కదల్లేదు. ఇంకో కూత. పిల్ల కాళ్లూపుకుంటూ కూర్చుంది. కాసేపు ఆగి ఇంకోటి పంపాడు. పచ్చ చుక్క వెలిగింది, చెవిలో ఏమీ లేదు. కార్డు నిద్రలో ఉంది.

పిల్ల బటన్ నొక్కింది.

"దొంగ పిల్ల. చుక్క చూసి నొక్కుతోంది," అని తెరని గోడవైపు తిప్పేశాడు. మళ్లీ పంపాడు. కూత ఉన్నప్పుడు నొక్కలేదు. లేనప్పుడు నొక్కింది. ఒక్కసారి కూడా తప్పలేదు.

అతను నవ్వబోయాడు. నవ్వు రాలేదు. గబగబా డ్రైవర్‌లో ఆ నిద్ర లేకుండా చేసి, పరీక్ష మొదటినుంచీ పెట్టాడు. కూతలన్నీ వెళ్లాయి. పిల్ల వేలు కదపలేదు. గ్రాఫ్ బల్లపరుపుగా వచ్చింది. బిడ్డకి ఏమీ వినబడదని తేలినందుకు అక్క ఏడ్చింది, ఆపరేషన్ తేదీ చేజారనందుకు ఊపిరి పీల్చుకుంది. మొగుడికి ఫోన్ చేయడానికి బయటి గదిలోకి వెళ్లింది.

అక్కడితో సర్దుకుని లేస్తే మర్యాదగా ఉండేది. కానీ తనకి తెలియనిదంటూ ఒకటి ఉందంటే మనవాడు ఒప్పుకునే రకం కాదు. పిల్ల హెడ్‌ఫోన్ల ప్లగ్గు కంప్యూటర్ నుంచి పీకేశాడు. తీగ బల్ల అంచున వేలాడుతోంది. ఇప్పుడు నొక్కు చూద్దాం అనుకున్నాడు.

పిల్ల నొక్కింది.

మళ్లీ నొక్కింది. తనలో తనే నవ్వుకుంది. తర్వాత నవ్వు మాని, ఎవరో అడిగింది అర్థం చేసుకుంటున్నట్టు మొహం పెట్టింది. లేదని తల అడ్డంగా ఊపింది. కిటికీలోంచి మామని ఎగాదిగా చూసింది... ఈసారి అవునని నిలువుగా ఊపింది.

అతను లేచి బూత్‌లోకి వెళ్లాడు. మందపాటి తలుపు వెనకాల దానంతటదే మూసుకుంది. పాత స్పాంజి ముక్కిన వాసన. తన చెవుల్లో తన రక్తం పారే హోరు తప్ప ఇంకేమీ లేదు. పిల్ల తలమీంచి హెడ్‌ఫోన్లు తీశాడు. వెచ్చగా ఉన్నాయి. పెట్టుకున్నాడు.

ఏమీ లేదు...

"చెవుల్లో పువ్వులు పెడుతోంది నాకు," అని గొణుక్కున్నాడు.

అప్పుడు వినబడింది. మాట కాదు. మాట్లాడబోయే ముందు ఎవరో తీసుకున్న ఊపిరి... బాగా దగ్గర్నుంచి... సగంలో ఆగిపోయింది. చెవి మారిందని తెలిసిపోయినట్టు.

హెడ్‌ఫోన్లు విసిరికొట్టి పిల్లని చంకనేసుకుని బయటపడ్డాడు.

"ఏమైందిరా? అలా చెమటలు పట్టాయేం?" అంది అక్క, ఫోన్ పక్కన పెట్టి.

"లోపల గాలి ఆడట్లేదు."

"గ్రాఫ్ పంపనా? తర్వాత మళ్లీ ఏమన్నా..."

"పంపు," అన్నాడు మెల్లగా. "ఇప్పుడే పంపు అక్కా." నిజం చప్పుళ్లు పిల్ల చెవిలోకి వెళ్తే, నిశ్శబ్దంలో పలికే ఆ రెండోది దానంతటదే పోతుందని ఆశపడ్డాడు. ఏ యంత్రం గురించైనా అతను ఆశపడటం అదే మొదలు.

ఆపరేషన్ బాగా జరిగింది. కుట్లు మానాక, యంత్రం ఆన్ చేసే రోజున అక్క పట్టుబట్టి తమ్ముణ్ణీ ఆసుపత్రికి తీసుకెళ్లింది. అక్కడ కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి టైపు చేసే తీరు చూసి అతనికి ఎప్పటిలాగే చిరాకేసింది. ఆ చిరాకు రాగానే ప్రాణం కుదుటపడింది. పిల్ల ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ అమ్మాయి ఏదో నొక్కి, "ఆన్ అయింది. అమ్మగారూ, పిలవండి," అంది.

"పిచ్చుకా," అంది అక్క.

పిల్ల ఉలిక్కిపడింది. తల్లివైపు తిరిగింది. వినబడింది. అక్క మొహం వెలిగిపోయింది.

పిల్ల పెదాల మీద వేలు పెట్టుకుంది. పుట్టి ఒక్క మాట విననిది, ఒక్క మాట ఎరగనిది, గుసగుసగా, తడుముకోకుండా అంది:

"మెల్లిగా అమ్మా... అది నిద్ర లేస్తుంది."

"మాట్లాడింది. నా తల్లే, అమ్మా అంది," అని అక్క వెక్కి వెక్కి ఏడుస్తూ, నవ్వుతూ, ఇంకా గట్టిగా పిలవసాగింది. "ఇంకోసారి అను. ఏదీ, అమ్మా అను."

పిల్ల చెవులు మూసుకోలేదు. రెండు చేతులూ చాచి, ఆ ఊపిరి విన్న మామ చెవులు మూసింది.