ఆవిడ తరఫున వెళ్లిన జవాబు

ఆ ఉదయం కూడా ఆవిడ వంట ముగించి, భర్త రాతప్రతి ముందేసుకుని కూర్చుంది. రాజనీతిశాస్త్రం మాస్టారుగా రిటైరైన ఆయన, ప్రభుత్వానికి ఉండాల్సిన హద్దుల మీద పుస్తకం రాస్తున్నాడు. ఆయన కోడిగీతలు చదవగలిగేది ఆవిడొక్కతే. అందుకే శుభ్రమైన ప్రతి తీసే పని ముప్ఫై ఏళ్లుగా ఆవిడదే. కాగితం వృథా చేయడం ఆయనకు గిట్టదు. రెండు వైపులా రాస్తాడు.

'ఒక మనిషికి ఏది మేలో తేల్చే హక్కు ఏ ప్రభుత్వానికీ లేదు, అది ఎంత ప్రేమగలదైనా సరే' అన్న వాక్యం ఎత్తి రాసి పేజీ తిప్పింది. చెయ్యి అలవాటుగా నడిచింది. 'నా భార్యకు మోకాళ్ల నొప్పులు. మీ పనికి రాలేకపోతోంది, మన్నించగలరు' అని గుండ్రంగా రాసేశాక గానీ, తను రాసిందేమిటో ఆవిడకు తెలియలేదు.

పెళ్లికి ముందు ఆవిడ సర్వే ఆఫీసులో పటాలు గీసేది. సముద్రతీరం వెంట నడిచి, అలలు తడిపిన మేర కొలిచి, ఆ వంకర గీతను కాగితం మీదికి తెచ్చిన రోజులు ఇప్పటికీ కలలోకి వస్తాయి. తీరాన్ని మళ్లీ కొలుస్తున్నారని, చెయ్యి తిరిగినవాళ్లు ఆర్నెల్లపాటు కావాలని తెలిసి, రెండు నెలల కిందట ఉత్తరం రాసింది. రోజూ పోస్టుమాన్ కోసం గేటు దాకా వెళ్లే తల్లిని చూసి, "ఎవరమ్మా ఆ అబ్బాయి?" అని కూతురు ఏడిపించింది కూడా.

వెనకవైపు ఆయన ఆ జవాబు చిత్తు రాసుకున్న కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. ఆవిడ డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజున పిలుపు వచ్చిందని, ఆ కాళ్లతో ఇసుకలో నడవడం తలుచుకుంటే మనసు ఒప్పలేదని, అంతా నీ మంచికేనని నసిగాడు.

"ఆ మాట అన్నందుకేగా, మూడు అధ్యాయాలుగా ప్రభుత్వాన్ని ఉతికేస్తున్నారు?"

ఆయన గబగబా తెల్లకాగితం లాక్కుని, ఆవిడను పంపడానికి తనకు అభ్యంతరం లేదని రాయబోయాడు. ఆవిడ పెన్ను పట్టుకుని ఆపింది.

"మీరు పంపడమేమిటండీ? నేను వెళ్తాను. నేనే రాసుకుంటాను."

ఆయన తలెత్తాడు. ఆవిడ కళ్లలో కోపం లేదు. ఎంతో దూరాన ఉన్నదేదో చూస్తున్నట్టున్నాయి. ఇన్నేళ్లూ ఆ చూపును అలసట అనుకున్నాడు.

"అక్కడ... ఎలా ఉంటుంది?" మొదటిసారి అడిగాడు.

ఆవిడ చెప్పింది. తెల్లవారుజామున గట్టిపడే తడి ఇసుక గురించి, గాలికి ఎగిరే పటాల గురించి, అక్కడ తనను అందరూ పేరు పెట్టి పిలవడం గురించి. ఆ పని ఇంకా మిగిలుందో లేదో ఇద్దరికీ తెలియదు. అయినా ఆవిడ ఉత్తరం రాసి, కవరు అంటించింది.

దాన్ని అందుకోవడానికి ఆయన చాచిన చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"పోస్టాఫీసు దాకా నేనూ రావచ్చా?"

"మీ ఇష్టమండీ," అంటూ ఆవిడ నవ్వబోయి, కళ్లు తుడుచుకుంది.